పేగుల్లో కాపురమున్న జీవులు: పాఠకుల ప్రశ్నలు, ఒక పరిశోధకురాలి జవాబులు

(పేగులకు సోకే వ్యాధుల మీద, పేగుల్లో నివసించే సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తున్న వైద్యురాలు ఈ సంచికలో పాఠకుల ఉత్తరాలకు జవాబిస్తున్నారు.)

వచ్చిన ఉత్తరాలన్నీ చదివాను. సగానికి పైగా "ఇలాంటిది అడుగుతున్నందుకు క్షమించండి" అని మొదలయ్యాయి. విరేచనం గురించి రాయడానికి ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పనక్కర్లేదు. ఆ సిగ్గు వల్లే చాలామంది డాక్టరు దగ్గరికి ఆలస్యంగా వస్తారు. నా ఉద్యోగమంతా దాని చుట్టూనే తిరుగుతుంది, కాబట్టి నాతో మొహమాటం వద్దు.

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు. అప్పుడప్పుడు నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. తాగించినదంతా బయటికే పోతోంది కదా, నీళ్లు తగ్గించమని మా అత్తగారంటారు. ఇంట్లో పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ ఉంటుంది. అది పట్టవచ్చా?

ఆ సిరప్ పట్టకండమ్మా. పిల్లలకు వచ్చే నీళ్ల విరేచనాల్లో చాలా భాగం రోటావైరస్, నోరోవైరస్ లాంటి వైరస్‌ల వల్ల వస్తాయి. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు. పైగా, ఆ సమయంలో బాబు కడుపులో అతని తరఫున నిలబడి ఉన్న మంచి బాక్టీరియాను చంపుతుంది. ఈ.కోలై అనే పేగు బాక్టీరియాలో కొన్ని రకాల వల్ల రక్తవిరేచనాలైతే యాంటీబయాటిక్ మూత్రపిండాలకే ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు. ఏ కారణమో డాక్టరు చూసి తేల్చాలి గాని, ఇంట్లో మిగిలిన సీసాతో తేల్చకూడదు.

మీ అత్తగారు బాబు మీద ప్రేమతోనే అంటున్నారు, చూసేవాళ్లకు అలాగే అనిపిస్తుంది కూడా. కాని బయటికి పోయేది తాగిన నీరు ఒక్కటే కాదు. ఒంట్లోని నీరు పేగు గోడ గుండా పేగులోకి ఊరి పోతుంది. దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించినవారు కలకత్తాలో పనిచేసిన శంభునాథ్ దే. కలరా బాక్టీరియా పెరిగిన ద్రవాన్ని ఆయన వడగట్టారు. ఒక్క బాక్టీరియా కూడా లేని ఆ ద్రవాన్ని కుందేలు పేగులో రెండు వైపులా ముడివేసిన భాగంలోకి ఎక్కించారు. ఆ భాగం నీటితో ఉబ్బిపోయింది. బాక్టీరియా విడుదల చేసే విషమే నీటిని లాగేస్తోందని 1959లో ఆయన ప్రకటించిన ఆ పరిశోధన తేల్చింది. మీరు నీళ్లు మాన్పిస్తే విరేచనం ఆగదు, బాబు ఎండిపోతాడు.

అందుకే బాబుకి ఓ.ఆర్.ఎస్. పట్టాలి, అంటే ఉప్పు, గ్లూకోజు సరైన పాళ్లలో కలిపిన నీరు. అది పనిచేసే తీరు ఇది. పేగు గోడలో గ్లూకోజు, సోడియం కలిసి లోపలికి వచ్చే ఒక ద్వారం ఉంది. రెండూ సరైన పాళ్లలో అందితే ఒంట్లోకి వెళ్తాయి, వాటి వెంట నీరూ వెళ్తుంది. విరేచనాలు పట్టుకున్నప్పుడు కూడా ఈ ద్వారం చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో నరానికి ఎక్కించే సెలైన్ చాలక, దిలీప్ మహలనబిస్ గారు ఈ ద్రావణాన్నే నోటితో తాగించే ఏర్పాటు చేశారు. కలరాతో అక్కడ 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి. మా రంగంలో నేను అన్నిటికన్నా ఎక్కువ గౌరవించే పని అదే. మైక్రోబయోమ్ (ఒంట్లో కాపురమున్న సూక్ష్మజీవుల సముదాయం) గురించి మేము ఎన్ని పేజీలు రాసినా అన్ని ప్రాణాలు ఇంకా కాపాడలేదు.

ప్యాకెట్ మీద ఎంత నీరు రాసి ఉంటే అంత నీటిలోనే కలపండి, ఎక్కువా తక్కువా వద్దు. బాబు వయసుకి ప్రతి విరేచనం తరవాత 100 నుంచి 200 మి.లీ. పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో కొంచెం కొంచెంగా మొదలుపెట్టండి. రోజూ తినే తిండి మాన్పించకండి. జింక్ 10 నుంచి 14 రోజులు ఇవ్వాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా, మోతాదు డాక్టరుని అడగండి. కళ్లు లోపలికి పోవడం, మూత్రం రాకపోవడం, పొట్ట మీద చర్మం పట్టుకుని వదిలితే మెల్లగా సర్దుకోవడం, మత్తుగా పడి ఉండడం, తాగలేకపోవడం, విరేచనంలో రక్తం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. న్యుమోనియాకి ఆస్పత్రిలో యాంటీబయాటిక్స్ ఇచ్చారు, నయమైంది. ఇంటికొచ్చిన వారానికి విరేచనాలు. 'సి. డిఫిసిల్' అన్నారు, మందు వాడితే తగ్గింది, మళ్లీ వచ్చింది. ఇప్పుడిది మూడోసారి. ఇంకొకరి మలాన్ని ఎక్కించే చికిత్స ఉందని ఒకరు చెప్పారు. నాన్నగారికి చెప్పాలంటేనే నోరు రావడం లేదు. ఇది నిజమైన వైద్యమేనా?

నిజమైన వైద్యమే బాబూ. నేను ఎక్కువకాలం పనిచేసినది ఈ వ్యాధి మీదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే ఈ బాక్టీరియాను 1935లో మొదట చూసింది రోగుల్లో కాదు, ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లల మలంలో. అది యాంటీబయాటిక్స్ తరవాత వచ్చే తీవ్రమైన పెద్దపేగు వాపుకి కారణమని తేలేసరికి 1978 అయింది. ఒకచోట ఏ హానీ చేయని జీవి ఇంకోచోట ప్రాణం తీస్తోందంటే, తేడా ఆ జీవిలో మాత్రమే వెతకకూడదు, అది దిగిన చోటులో కూడా వెతకాలి.

దీని బీజాలు (స్పోర్లు, అంటే గట్టి పొరతో నిద్రాణంగా ఉండే రూపం) నేలలో, ఆస్పత్రి గదుల్లో, మంచాల అంచుల మీద ఉంటాయి. మనలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు మింగే ఉంటాం. ఏమీ కాదు, ఎందుకంటే పైరు దట్టంగా ఉన్న చేలో కలుపుకి చోటు ఉండదు. మా వాళ్లు చాలాకాలం దీన్ని తిండి కోసం, జాగా కోసం జరిగే పోటీగానే చూశారు. అసలు విషయం అంతకన్నా చక్కనిది. కాలేయం పేగులోకి వదిలే పైత్యరస లవణాలు కొన్ని ఈ బీజాలను మొలకెత్తిస్తాయి. పెద్దపేగులో కాపురమున్న కొన్ని బాక్టీరియా అవే లవణాలను మార్చి వేరే ఆమ్లాలుగా చేస్తాయి. ఆ ఆమ్లాలుంటే సి. డిఫిసిల్ పెరగలేదు. అలా మార్చగలిగేవి బహు కొద్ది జాతులు. వాటిలో క్లోస్ట్రిడియం సిండెన్స్ అనే ఒక్కదాన్ని ఎలుకల్లోకి తిరిగి చేర్చినా రక్షణ చాలావరకు తిరిగి వస్తుందని 2015లో చూపించారు. నాన్నగారి న్యుమోనియాను తగ్గించిన మందులు ఈ కొద్ది జాతులనూ తుడిచిపెట్టి ఉండవచ్చు. ఆ మందులు తప్పని నేను అనను. అవి లేకపోతే నాన్నగారు ఇంటికొచ్చేవారో లేదో.

మళ్లీ మళ్లీ ఎందుకొస్తోందంటే, వాడుతున్న మందు పెరుగుతున్న బాక్టీరియాను చంపుతుంది గాని బీజాలను చంపలేదు. పైగా కోలుకోవలసిన మంచి బాక్టీరియాను కూడా అదే మందు అణచిపెడుతుంది. మందు ఆపిన రోజు పేగు ఖాళీగా ఉంటుంది, బీజాలు మాత్రం సిద్ధంగా ఉంటాయి. మొదటిసారి తగ్గినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి తిరగబెడుతుంది, ఒకసారి తిరగబెట్టినవారికి ఆ అవకాశం ఇంకా పెరుగుతుంది.

ఆరోగ్యవంతుడి మలంలోని బాక్టీరియాను రోగి పేగులోకి చేర్చడమే మీరు విన్న చికిత్స. 1958లో అమెరికాలోని డెన్వర్‌లో బెన్ ఐజ్‌మన్ అనే శస్త్రవైద్యుడు తీవ్రమైన పేగు వాపుతో ఉన్న నలుగురికి ఇలా చేసి బాగుచేశారు. ఆ తరవాత ఇది చాలాకాలం వింత కథలాగే మిగిలింది. నెదర్లాండ్స్ వైద్యులు 2013లో ప్రచురించిన పరీక్షతో పరిస్థితి మారింది. వాంకోమైసిన్ మందు మాత్రమే వాడిన 13 మందిలో నలుగురికి నయమైతే, ఈ చికిత్స అందిన 16 మందిలో 13 మందికి ఒక్కసారితోనే నయమైంది. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే, మిగతా రోగులకు అన్యాయం చేసినట్టవుతుందని పరీక్షను మధ్యలోనే ఆపేశారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022లో ఒక రకాన్ని, 2023లో నోటితో మింగే క్యాప్సూల్‌ను అనుమతించింది. క్యాప్సూల్ అంటే నాన్నగారికి చెప్పడం మీకు తేలిక కావచ్చు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. దాత మలాన్ని డజన్ల కొద్దీ పరీక్షలు చేయకుండా వాడకూడదు. 2019లో మందులకు లొంగని ఈ.కోలై దాత నుంచి వచ్చి ఒక రోగి చనిపోయారు. ఇంట్లోవాళ్ల మలంతో సొంతంగా చేసుకునే ప్రయత్నాలు దయచేసి వద్దు. ఇది జీర్ణకోశ నిపుణుల చేతుల్లో జరగాలి. నాన్నగారు అసిడిటీ మాత్రలు వాడుతుంటే అవి నిజంగా అవసరమేనా అని కూడా అడగండి, వాటికీ ఈ వ్యాధికీ సంబంధం కనబడుతోంది. ఇంట్లో అందరూ సబ్బుతో నీళ్ల కింద చేతులు కడుక్కోండి. ఆల్కహాల్ శానిటైజర్‌కి ఈ బీజాలు చావవు. మరుగుదొడ్డిని క్లోరిన్ ఉన్న బ్లీచింగ్‌తో కడగండి. విరేచనాలు తగ్గాక "పోయిందో లేదో" అని మళ్లీ పరీక్ష చేయించకండి. రోగం తగ్గినా పరీక్ష కొంతకాలం పాజిటివ్‌గానే రావచ్చు, దాన్ని చూసి అనవసరంగా మందు వేస్తారు.

ప్రశ్న: నేను మైక్రోబయాలజీ చదువుతున్నాను. మీరు రోజంతా మలాన్నే చూస్తారా? ఈ రంగంలోకి రావాలని ఉంది, ఇంట్లో నవ్వుతున్నారు.

చూస్తానమ్మా. పొద్దున్నే చిన్న ప్లాస్టిక్ డబ్బాలు వస్తాయి. మూత మీద పేరు ఉండదు, సంఖ్య ఉంటుంది. కొంత భాగాన్ని మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాస్తాం, కొంత వెంటనే గాలి లేని గదిలోకి పోతుంది. గది అంటే మనం లోపలికి వెళ్లేది కాదు. నైట్రోజన్, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ నింపిన పెద్ద పారదర్శకమైన పెట్టె. దాని గోడకే అమర్చిన రబ్బరు తొడుగుల్లో మోచేతుల దాకా చేతులు దూర్చి పనిచేస్తాం. పెద్దపేగు బాక్టీరియాలో చాలావాటికి ఆక్సిజన్ విషం, కొన్ని నిమిషాల్లోనే చస్తాయి. వాటిలో కొన్ని ఎంత పెంకివంటే, కావలసినదంతా అమర్చినా పళ్లెంలో పెరగవు. పక్కన ఇంకో జాతి ఉంటేనే పెరుగుతాయి.

డీఎన్‌ఏ చదివే యంత్రాలు వచ్చాక ఎవరెవరున్నారో తేలిగ్గా తెలుస్తోంది. ఎవరేం చేస్తున్నారన్నది మాత్రం అందులో సరిగ్గా కనబడదు. అందుకే నాకు ఇప్పటికీ పళ్లెం మీద పెంచడమే ఇష్టం.

ఈ రంగం అందం నీకు తెలియాలంటే రెండు ప్రయోగాలు చెప్తాను. 1950, 60 దశకాల్లో మార్జొరీ బోన్‌హాఫ్, ఫిలిప్ మిల్లర్ ఎలుకలకు సాల్మొనెల్లా అనే రోగకారక బాక్టీరియాను ఇచ్చి చూశారు. మామూలు ఎలుకకు సోకాలంటే సుమారు లక్ష బాక్టీరియా కావాలి. ముందుగా ఒక్క మోతాదు స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చిన ఎలుకకు పది లోపు చాలు. వచ్చిన జీవి అదే, పేగు కూడా అదే. మారింది అందులో కాపురమున్నవాళ్లు మాత్రమే. నా పని మొత్తానికి మూలం ఆ ఫలితమే అనుకుంటాను.

రెండోది 2010 నాటిది. మనం తినే పీచుని బాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. పెద్దపేగు గోడ కణాలు దాన్ని వాడుకుంటూ ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తాయి, అందుకే లోపల ఆక్సిజన్ ఉండదు, సాల్మొనెల్లా లాంటివాటికి ఊపిరి అందదు. అయితే సాల్మొనెల్లా దీనికి విరుగుడు కనిపెట్టుకుంది. అది కావాలనే పేగులో మంట రేపుతుంది. దాన్ని చంపడానికి మన రక్షక కణాలు వదిలే రసాయనాల వల్ల టెట్రాథయొనేట్ అనే పదార్థం పుడుతుంది. సాల్మొనెల్లా దానితో ఊపిరి తీసుకోగలదు. దాని పక్కనున్న మన జీవుల్లో చాలావాటికి అది చేతకాదు. మనం దాన్ని తరమడానికి చేసిన పనే దానికి బలమైంది. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అంత సంతోషం వేసింది.

ఇంట్లోవాళ్లకి ఈ రెండూ చెప్పిచూడు. తప్పకుండా రా.

ప్రశ్న: మన ఒంట్లో మన కణాలకు పదింతలు బాక్టీరియా ఉంటాయంటారు. నిజమేనా?

కాదండీ. అది 1970లలో వేసిన ఉజ్జాయింపు లెక్క. 2016లో ఇజ్రాయెల్, కెనడా పరిశోధకులు మళ్లీ లెక్కవేస్తే బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, మన కణాలు సుమారు 30 లక్షల కోట్లు అని వచ్చింది. దాదాపు సమానమే. అన్ని బాక్టీరియా కలిపినా బరువు 200 గ్రాములే.

ప్రశ్న: మలం నమూనా పంపితే పేగు ఆరోగ్యానికి మార్కులు వేసి ఇచ్చే పరీక్ష చేయించుకున్నాను. నాకు మార్కులు తక్కువ వచ్చాయి, మందులు కూడా వాళ్లే అమ్ముతామంటున్నారు. నాకే ఇబ్బందీ లేదు. భయంగా ఉంది.

ఇబ్బంది లేకపోతే భయపడకండి, ఆ మందులు కొనకండి. రక్తంలో చక్కెరకు ఇంత నుంచి ఇంతవరకు మామూలని ఒక హద్దు ఉంది. పేగు బాక్టీరియాకు అలాంటి హద్దు ఇంకా ఎవరూ నిర్ణయించలేదు. పూర్తిగా ఆరోగ్యంగా ఉన్న ఇద్దరిలో జాతులు చాలా వేరుగా ఉంటాయి, ఒకే మనిషిలో రోజుకీ రోజుకీ మారతాయి. లేని హద్దుని ఉన్నట్టు చూపి మార్కులు వేసి, ఆరోగ్యంగా ఉన్న మనిషిని రోగిగా చేస్తున్నందుకు నాకు బాధగా ఉంది. మా పరిశోధన పేరు చెప్పి జరిగే పని కదా.

ప్రశ్న: యాంటీబయాటిక్ వాడిన ప్రతిసారీ ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ వేసుకోవాలా?

ప్రోబయాటిక్ అంటే మేలు చేస్తాయని మింగే బతికున్న బాక్టీరియా. అందరికీ అవసరం లేదు. డెన్మార్క్‌లో 12 మంది ఆరోగ్యవంతులైన యువకులకు మూడు బలమైన యాంటీబయాటిక్స్ నాలుగు రోజులు ఇచ్చి, ఆరు నెలలు గమనించారు. నెలన్నరకి పేగు జీవుల్లో ఎక్కువభాగం వాటంతట అవే తిరిగి వచ్చాయి. తొమ్మిది జాతులు మాత్రం ఆరు నెలలైనా కనిపించలేదు. ఇజ్రాయెల్‌లో ఇంకో చిన్న పరీక్ష చేశారు. యాంటీబయాటిక్ తరవాత ప్రోబయాటిక్ వేసుకున్నవారిలో సొంత జీవులు తిరిగి రావడం ఇంకా ఆలస్యమైంది. రెండూ 2018లో వచ్చినవే.

అలాగని ప్రోబయాటిక్స్ అన్నీ వృథా అనను. ఒడిశాలో 4,500కు పైగా నవజాత శిశువులకు ఒక ప్రత్యేకమైన లాక్టోబాసిల్లస్ రకాన్ని, దానికి ఆహారమయ్యే చక్కెరతో కలిపి వారం రోజులు ఇస్తే, రక్తం విషపూరితమయ్యే సెప్సిస్ గాని మరణం గాని 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయని 2017లో ప్రచురించారు. అది చాలా పెద్ద ఫలితం. అయితే వాళ్లు కనీసం రెండు కిలోల బరువుతో, కనీసం 35 వారాలు నిండి పుట్టిన పిల్లలు. బాగా నెలలు తక్కువగా పుట్టిన శిశువుల్లో ప్రోబయాటిక్ బాక్టీరియాయే రక్తంలో చేరి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయని 2023లో అమెరికాలో హెచ్చరిక జారీ అయింది. ఏ రకం, ఎవరికి, దేనికి అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ఉంటేనే వేసుకోండి. "పేగులకు మంచిది" అన్న ఒక్క మాట చాలదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు డాక్టరుని అడగకుండా అసలు ముట్టకండి.

ప్రశ్న: ఎనిమిది నెలల కిందట విషాహారం వల్ల వాంతులు, విరేచనాలు అయ్యాయి. వారంలో తగ్గాయి. కాని అప్పటినుంచి కడుపు నొప్పి, తిన్న వెంటనే పరుగు. పరీక్షలన్నీ మామూలుగా ఉన్నాయి. "నీ మనసులోనే ఉంది" అంటున్నారు ఇంట్లో. నాకే అనుమానం వస్తోంది.

మీ అనుమానం తీసేస్తాను. మీరు చెబుతున్నది ఉన్న జబ్బే, దానికి పేరూ ఉంది: ఇన్ఫెక్షన్ తరవాత వచ్చే ఐ.బి.ఎస్. (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే పేగు అతిగా స్పందించే జబ్బు). పేగు ఇన్ఫెక్షన్ వచ్చిన ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి ఇలా అవుతుంది. సోకిన జీవి వెళ్లిపోయినా, పేగు గోడలోని నరాలు, రక్షక కణాలు అప్పటి అప్రమత్తతలోనే ఉండిపోతాయి. బెల్జియంలో లూవెన్ పరిశోధకులు 2021లో ఎలుకల్లో దీన్ని చక్కగా చూపించారు. ఇన్ఫెక్షన్ ఉన్న రోజుల్లో తిన్న ఆహారాన్ని కూడా పేగు శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఇన్ఫెక్షన్ పోయాక మళ్లీ అదే తింటే ఆ చోట మాత్రమే కణాలు రెచ్చిపోయి నొప్పి పుడుతుంది. రక్తంలో ఏమీ కనబడదు, అందుకే మామూలు పరీక్షలకు దొరకదు.

కెనడాలో వాకర్టన్ అనే ఊళ్లో 2000లో తాగునీరు కలుషితమై 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు. ఆ ఊరివాళ్లను ఎనిమిదేళ్లు గమనించారు. జబ్బుపడినవారిలో రెండు మూడేళ్లకి 28 శాతం మందికి మీలాంటి లక్షణాలుంటే, ఎనిమిదేళ్లకి అది 15 శాతానికి తగ్గింది. ఆలస్యంగానైనా చాలామందికి నెమ్మదిస్తుందని దీన్నిబట్టి తెలుస్తోంది. ఈలోగా నొప్పికీ, విరేచనాలకీ పనిచేసే మందులున్నాయి, కొన్నిరకాల ఆహారాన్ని కొంతకాలం తగ్గించి చూసే పద్ధతి ఉంది. రెండోది ఆహార నిపుణుల సాయంతోనే చేయండి. సొంతంగా చేసేవాళ్లు ఒక్కొక్కటే మానేస్తూ చివరికి తిండే తగ్గించుకుంటారు.

బరువు తగ్గడం, విరేచనంలో రక్తం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, జ్వరం, రక్తహీనత ఉంటే మాత్రం ఇది ఐ.బి.ఎస్. అని సరిపెట్టుకోకండి, వెంటనే చూపించుకోండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు కడుపునొప్పి సంగతితో మొదలుపెట్టకండి. ఎనిమిది నెలల కిందటి విషాహారం తేదీ, అప్పుడు వాడిన మందుల పేర్లు కాగితం మీద రాసి ముందుగా ఆయన చేతికివ్వండి. వీలైతే "నీ మనసులోనే ఉంది" అన్నవారిని కూడా వెంట తీసుకెళ్లండి.